గిఫ్టుకు కూడా డ్యూటీనా? విదేశీ పార్సిల్ బిల్లు వెనక లెక్క

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. తాతకు మోకాళ్ల నొప్పులని తెలిసి, మెత్తటి వాకింగ్ షూస్ ఒక జత కొని కడపకు కొరియర్ చేశాడు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘గిఫ్ట్’ అని రాశాడు. నాలుగు రోజులకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆధార్ కాపీ పంపండి, డ్యూటీ కట్టండి, ఆ తర్వాతే డెలివరీ అని. మా నాయన ఆ మాట విని ఊరుకోలేదు. “మనవడు తాతకు చెప్పులు పంపిస్తే నడిమధ్యలో గవర్నమెంటుకు దుడ్లెందుకు కట్టల్ల?” అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌లో మనిషి ఉన్న ఇళ్లు ఎన్నో. అక్కడి నుంచి దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు ఏళ్ల తరబడి సూట్‌కేసుల్లో వస్తూనే ఉన్నాయి. వాటికి ఎవరూ రూపాయి కట్టినట్టు గుర్తుండదు. మరి కొరియర్‌లో వచ్చిన ఒక్క జత బూట్లకు బిల్లు ఎందుకొచ్చింది? దీనికి జవాబు పెట్టెలో ఏముందనే దానికన్నా, ఆ పెట్టె ఏ దారిన, ఏ పేరుతో దేశంలోకి వచ్చిందనే దాంట్లోనే ఎక్కువగా ఉంది.

‘గిఫ్ట్’ అనే మాట ఎప్పటి నుంచి చెల్లడం లేదు

ఒకప్పుడు ఆ మాటకు విలువ ఉండేది. విదేశాల నుంచి పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చే చిన్న విలువ గిఫ్టులకు డ్యూటీ మినహాయింపు ఇచ్చేవారు. ఆ వెసులుబాటును చుట్టాల కన్నా ఆన్‌లైన్ అమ్మకందారులు బాగా వాడుకున్నారు. చైనా నుంచి వచ్చే డ్రెస్సులు, ఫోన్ కవర్లు, బొమ్మలు, అన్నీ డబ్బిచ్చి కొన్నవే, ‘గిఫ్ట్’ లేబుల్‌తో రావడం మొదలైంది. అమ్మినవాడెవరో కొన్నవాడికి తెలియదు గానీ కాగితం మీద మాత్రం ఇద్దరూ ఆత్మీయులు.

దాంతో 2019 డిసెంబర్ 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పోస్టు, కొరియర్ ద్వారా వచ్చే సరుకును గిఫ్టు కింద విడిపించుకోవడం ఇక కుదరదని అందులో చెప్పింది. మినహాయింపు రెండింటికే ఉంచింది. ఒకటి ప్రాణరక్షక మందులు, రెండోది రాఖీ. అది కూడా రాఖీకే. రాఖీతో పాటు చెల్లెలు పంపిన స్వీట్ బాక్సుకో చొక్కాకో కాదు. ఇంత వివరంగా రాయాల్సి వచ్చిందంటే ముందు ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గిఫ్టులు పంపడాన్నే నిషేధించారని కొందరు చెబుతుంటారు. అలా కాదు. మామూలు సరుకుకు పడే డ్యూటీ కట్టి గిఫ్టు తెచ్చుకోవచ్చు. గిఫ్టు కాబట్టి పన్ను వద్దు అనే వాదన ఒక్కటే పోయింది.

ఒకే జత బూట్లు, నాలుగు దారులు

అవే బూట్లు నాలుగు రకాలుగా మన ఇంటికి చేరొచ్చు. నాలుగింటికీ నాలుగు లెక్కలు.

మనిషి వెంట సూట్‌కేసులో వస్తే దాన్ని బ్యాగేజీ అంటారు. దానికి వేరే నిబంధనలు ఉన్నాయి. విదేశం నుంచి విమానంలో వచ్చే మనవాళ్లు వెంట తెచ్చుకునే సరుకుకు 50,000 రూపాయల దాకా డ్యూటీ లేకుండా చాలా ఏళ్లు అనుమతి ఉండేది. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజీ నిబంధనలు దాన్ని 75,000కు పెంచాయి. కువైట్ నుంచి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో దిగి, బస్సెక్కి రాయచోటికి వచ్చే అన్న పెట్టెలో సెంటు సీసాకు పన్ను పడకపోవడానికి కారణం ఇదే. ఆ మినహాయింపు సెంటుకు కాదు, ప్రయాణికుడికి ఇచ్చింది.

రెండో దారి, మనిషి ముందొచ్చి సామాను వెనక కార్గోలో రావడం. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఉండి ఇల్లు ఖాళీ చేసి వచ్చేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఇది కూడా బ్యాగేజీయే గానీ, ఆ మనిషి రాకతో ముడిపడి ఉండాలి. వాడుకున్న సొంత వస్తువులకు ఇబ్బంది ఉండదు. కొత్త సరుకుకు మాత్రం పైన చెప్పిన 75,000 మినహాయింపు ఇక్కడ వర్తించదు. “నా కోటా మిగిలి ఉంది కదా” అని కార్గో పెట్టెలో కొత్త మిక్సీ పెట్టి, తర్వాత గొడవ పడేవాళ్లు ఇందుకే ఎదురవుతుంటారు.

మూడోది పోస్టు లేదా కొరియర్. మా నాయన బూట్లు వచ్చిన దారి ఇదే. ఇక్కడ ప్రయాణికుడు లేడు కాబట్టి ప్రయాణికుడి కోటా కూడా లేదు. సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో వచ్చే డ్యూటీ పడే సరుకుకు కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే ప్రత్యేక పద్దు ఉంది. బూట్లయినా బ్యాగయినా గడియారమైనా మామూలుగా ఈ ఒక్క పద్దు కిందికే తెచ్చి ఒకే రేటు వేస్తారు. మద్యం, పొగాకు లాంటివి ఇందులోకి రావు.

నాలుగోది వ్యాపారం. పది జతలు తెప్పించి అమ్ముకుంటానంటే అది సొంత వాడకం కాదు. దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకిచ్చే ఐఈసీ కోడ్ తీసుకోవాలి. అప్పుడు బూట్లకు బూట్ల రేటు, గడియారానికి గడియారం రేటు పడుతుంది. వస్తువు ఒక్కటే కదా అని ఒకే సైజు బూట్లు ఆరు జతలు తెప్పించుకుంటే, సొంతానికేనా అని అధికారి అడగడంలో తప్పేమీ లేదు.

బిల్లులో మూడు గీతలు

పార్సిల్ బిల్లు చూస్తే మామూలుగా మూడు పన్నులు కనిపిస్తాయి.

మొదటిది బేసిక్ కస్టమ్స్ డ్యూటీ. సరిహద్దు దాటినందుకు పడే పన్ను ఇదే. ఖజానాకు రాబడి, ఇక్కడ తయారుచేసేవాళ్లకు కొంత రక్షణ, ఈ రెండూ దీని పనులు.

రెండోది సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి. 2018 బడ్జెట్‌లో వచ్చింది. దీన్ని వస్తువు విలువ మీద వేయరు, పై డ్యూటీ మీద 10 శాతం వేస్తారు. డ్యూటీ 100 రూపాయలైతే ఇది 10 రూపాయలు. కొన్ని సరుకులకు మినహాయింపు ఉంది. వాటి బిల్లులో ఈ గీత కనిపించదు.

మూడోది ఐజీఎస్టీ. ఇది మనకు పరిచయమున్న జీఎస్టీయే. కడపలో అంగడికి పోయి బూట్లు కొన్నా అందులో జీఎస్టీ ఉంటుంది. బయటి నుంచి తెప్పించుకున్నవాడు దాన్ని తప్పించుకుంటే ఊళ్లో అంగడికి నష్టం కాబట్టి, సరిహద్దు దగ్గరే వసూలు చేస్తారు. అంటే ఈ ఒక్క గీత వరకు విదేశీ సరుకు అని ప్రత్యేకంగా శిక్షించేదేమీ లేదు. కాకపోతే ఇందులో చిన్న మెలిక ఉంది. ఐజీఎస్టీని వస్తువు విలువ మీద మాత్రమే కాక, పైన చెప్పిన డ్యూటీ, సర్‌ఛార్జి కలిపిన మొత్తం మీద వేస్తారు. పన్ను మీద పన్ను అని జనం అనేది దీన్నే.

లెక్క వేసి చూస్తే

విలువ అంటే ఏ విలువ? కొన్న ధరతో పాటు రవాణా ఖర్చు, బీమా కూడా కలపాలి. విమానంలో వచ్చే సరుకుకు మాత్రం ఒక మేలు ఉంది. కొరియర్‌కు ఎంత పెట్టినా, సరుకు విలువలో 20 శాతానికి మించి రవాణా కలపకూడదు. బీమా ఎంతో తెలియకపోతే 1.125 శాతం కలుపుతారు. డాలర్‌ను రూపాయల్లోకి మార్చేది కూడా మన బ్యాంకు రేటుతో కాదు, కస్టమ్స్ ప్రకటించే రేటుతో.

చేతిలోని బిల్లు పక్కన పెట్టి సులువైన అంకెలు తీసుకుందాం. బూట్లు 60 డాలర్లు, కొరియర్ 25 డాలర్లు, డాలరు 90 రూపాయలు అనుకుందాం.

బూట్ల ధర 5,400 రూపాయలు. కొరియర్‌కు నిజానికి అయింది 2,250. కానీ 5,400లో 20 శాతం 1,080 కాబట్టి అంతే కలపాలి. బీమాకు 60.75. మొత్తం 6,540.75. డ్యూటీ లెక్కంతా ఈ అంకె మీదే మొదలవుతుంది.

బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుంటే 654.08. దాని మీద సర్‌ఛార్జి 65.41. మూడూ కలిపితే 7,260.24. దాని మీద ఐజీఎస్టీ 18 శాతం, అంటే 1,306.84. ప్రభుత్వానికి కట్టేది మొత్తం 2,026 రూపాయలు.

ఇప్పుడు అంకెలు చూడండి. 10, 18 కలిపితే 28 శాతమే కదా అనుకుంటాం. లెక్కలో 30.98 శాతం వచ్చింది. అదీ రవాణా కలిపిన విలువ మీద. బూట్ల ధర 5,400తో పోలిస్తే అది 37 శాతం దాటింది. బిల్లు తప్పుగా వేశారని జనానికి అనుమానం వచ్చేది ఇక్కడే. చాలాసార్లు తప్పేమీ ఉండదు, మనం ఏ అంకె మీద శాతం వేశామన్నదే తేడా.

10, 18 అనే రేట్లు ఎందుకు తీసుకున్నానంటే, దాని వెనక కొంచెం చరిత్ర ఉంది. కొన్నేళ్ల కింద ఈ 9804 పద్దు కింద బేసిక్ డ్యూటీ 35 శాతం, ఐజీఎస్టీ 28 శాతం ఉండేవి. 100 రూపాయల విలువకు 35 డ్యూటీ, 3.50 సర్‌ఛార్జి, ఆ 138.50 మీద 28 శాతం అంటే 38.78. మొత్తం 77.28 శాతం. ఆన్‌లైన్‌లో విదేశీ సరుకు తెప్పించుకునేవాళ్లకు ఈ 77.28 నోటికొచ్చిన అంకె. మా బూట్లకు ఆ రేటే పడి ఉంటే 5,055 రూపాయలు కట్టాల్సి వచ్చేది. దాదాపు ఇంకో జత ధర! 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ఆ 28 కాస్తా 18 అయింది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో, సొంత వాడకం సరుకుల మీద అప్పటికే 20కి దిగి ఉన్న బేసిక్ డ్యూటీ టారిఫ్ రేటును 10కి తగ్గిస్తున్నట్టు ఆర్థిక మంత్రి ప్రకటించారు. పాత వీడియోలు చూసి 77 శాతం కట్టాలేమోనని ఇప్పటికీ టెన్షన్ పడేవాళ్లున్నారు. రేట్లు బడ్జెట్‌కు బడ్జెట్‌కు మారుతుంటాయి. సరుకు వచ్చిన రోజు అమల్లో ఉన్న రేటే పడుతుంది.

ప్రభుత్వానికి పోని డబ్బు

నా బిల్లులో నన్ను ఎక్కువ చికాకు పెట్టింది డ్యూటీ కాదు, దాని కింద ఉన్న గీత. డ్యూటీ డబ్బు మన తరఫున కొరియర్ కంపెనీ ముందే కస్టమ్స్‌కు కడుతుంది. అలా కట్టినందుకు, కాగితాలు చూసినందుకు తన ఫీజు వేసుకుంటుంది. ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఫీజు 600 అయితే చేతికొచ్చేసరికి 708. ఇది పన్ను కాదు, సర్వీసు ఛార్జి. మెసేజ్‌లో మాత్రం రెండూ కలిపి ‘డ్యూటీ అండ్ ట్యాక్సెస్’ అని ఒకే అంకె ఇచ్చారు. విడివిడిగా చూపించమని రెండుసార్లు ఫోన్ చేస్తే గానీ పూర్తి బిల్లు రాలేదు.

చిన్న పార్సిళ్లకు అసలు దెబ్బ ఇక్కడే. 1,000 రూపాయల వస్తువుకు డ్యూటీ మూడు నాలుగు వందలు దాటదు, ఫీజు దానికి రెట్టింపు ఉండొచ్చు.

పోస్టులో వస్తే పద్ధతి వేరు. చెన్నై లాంటి చోట్ల ఫారిన్ పోస్టాఫీసులు ఉన్నాయి. అక్కడ కస్టమ్స్ వాళ్లు పార్సిల్ చూసి డ్యూటీ వేస్తారు. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ ఇచ్చేటప్పుడు ఆ డబ్బు వసూలు చేస్తాడు. కొరియర్ అంత వేగం ఉండదు. ఎక్కడ ఆగిందో తెలియక ట్రాకింగ్ పేజీని రోజుకు పదిసార్లు చూడాల్సి వస్తుంది.

ధర తగ్గించి రాస్తే

“తెలివైనవాడైతే 60 డాలర్లని రాస్తాడా, 10 అని రాసేవాడు కదా” అని మా మేనల్లుడి గురించి ఒక మిత్రుడు అన్నాడు. అలా రాసేవాళ్లు ఉన్నారు. కొన్నిసార్లు గడిచిపోతుంది కూడా. కానీ రాసిన విలువ నమ్మబుద్ధి కాకపోతే, దాన్ని పక్కన పెట్టే అధికారం 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ నిబంధనలు అధికారికి ఇచ్చాయి. బ్రాండ్ బూట్ల ధర నెట్‌లో చూడటానికి అర నిమిషం చాలు. తప్పుడు విలువ రాశారని తేలితే 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు, జరిమానా దాకా పోవచ్చు. పైగా పార్సిల్ దారిలో పోతే, బీమా ఆ రాసిన 10 డాలర్లకే వస్తుంది.

డ్యూటీ కట్టినా రానివి

పన్ను వేరు, అనుమతి వేరు. డ్రోన్లు విదేశం నుంచి తెప్పించుకోవడాన్ని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. ఈ-సిగరెట్ల మీద 2019 నుంచి నిషేధం ఉంది. మన ప్రాంతంలో ఎక్కువ పనికొచ్చే ఉదాహరణ విత్తనాలు. కొత్త రకం టమోటానో పండ్ల మొక్కనో వేసి చూద్దామని విదేశీ సైట్లో ప్యాకెట్ ఆర్డర్ చేసే కుర్ర రైతులు అనంతపురం వైపు ఉన్నారు. ప్యాకెట్ ధర 200 రూపాయలే కావొచ్చు. కానీ విత్తనంతో పాటు తెగులూ పురుగూ దేశంలోకి రాకుండా ప్లాంట్ క్వారంటైన్ నిబంధనలు అడ్డుపడతాయి. దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే ఎంత డ్యూటీ కడతానన్నా వదలరు.

అంగడాయన మాట, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల మాట

వైవీ స్ట్రీట్‌లో చెప్పుల అంగడి నడిపే ఒకాయనతో ఈ బిల్లు సంగతి చెప్పాను. ఆయనకు నా మీద ఏమాత్రం జాలి కలగలేదు. “నేను బాడుగ కడతా, కరెంటు కడతా, ప్రతి జతకూ జీఎస్టీ కడతా. నీ పెట్టె ఉత్తగా వస్తే నా అంగడికి ఎవరొస్తారప్పా?” అన్నాడు. ఈ వాదన బలమైనదే. గిఫ్టు లేబుల్ కథ దానికి సాక్ష్యం కూడా.

అవతలి వాదనను కూడా కొట్టిపారేయలేం. ఇక్కడ దొరకని వస్తువుకు, పాత కెమెరా విడిభాగానికో ప్రత్యేకమైన మోకాలి పట్టీకో, డ్యూటీ వేసి ఏ పరిశ్రమను కాపాడుతున్నాం? 300 రూపాయల పన్ను కోసం పార్సిల్‌ను ఆపి, స్కాన్ చేసి, కాగితం రాసి, వసూలు చేయడానికి అయ్యే ఖర్చెంత? ఈ కారణంతోనే చాలా దేశాలు ఒక పరిమితి దాకా చిన్న పార్సిళ్లను వదిలేసేవి.

ఇప్పుడు ఆ దేశాలు కూడా వెనక్కి తగ్గుతున్నాయి. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు పార్సిళ్లకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులైలో ఎత్తేసింది. 150 యూరోల లోపు సరుకుకు కస్టమ్స్ డ్యూటీ లేకుండా ఉండేది. దాని స్థానంలో ఒక్కో రకం వస్తువుకు 3 యూరోల చొప్పున 2026 జులై నుంచి వేయాలని నిర్ణయించింది. అమెరికా 800 డాలర్ల మినహాయింపును 2025 ఆగస్టు 29న ఆపేసింది. అన్నిచోట్లా కారణం దాదాపు అదే. చుట్టాల కోసం తెరిచిన కిటికీలోంచి గోడౌన్లే వచ్చిపడ్డాయి. నా మటుకు నాకు ఐజీఎస్టీ గీత మీద ఫిర్యాదు లేదు. ఫీజు గీత మీద మాత్రం ఉంది.

కస్టమ్స్ పేరుతో వచ్చే ఫోన్

ఈ గందరగోళాన్ని మోసగాళ్లు కూడా వాడుకుంటున్నారు. సోషల్ మీడియాలో పరిచయమైన లండన్ ‘స్నేహితుడు’ నగలు, డాలర్లు పంపానంటాడు. మర్నాడు ఢిల్లీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ నుంచి అంటూ ఫోన్. పెట్టె ఆగిపోయింది, 35,000 కట్టండి, లేకుంటే కేసు. కట్టాక ఇంకో ఫీజు. ఇంకో రకం వాళ్లు మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని వీడియో కాల్‌లో బెదిరిస్తారు.

పైన చెప్పిన లెక్క తెలిసినవాళ్లకు ఈ అబద్ధం ఎక్కడ తేలిపోతుందో చూడండి. నిజమైన డ్యూటీకి ఒక వస్తువు, దాని విలువ, దాని మీద శాతం ఉంటాయి. పంపినవాళ్ల దగ్గర ట్రాకింగ్ నంబర్ ఉంటుంది. కస్టమ్స్ శాఖ ఎవరికీ ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాలో డబ్బు వేయమనదు. పైగా 2019 నవంబర్ నుంచి ఆ శాఖ పంపే ఉత్తర్వులకు డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటోంది. అది అసలుదో కాదో శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

ఇక్కణ్ణుంచి పోయే పెట్టెలు

బూట్లు అందాయి. నాయన రోజూ వాటితోనే వాకింగ్‌కు పోతున్నాడు. బదులుగా మనవడికి మా అమ్మ నువ్వుల పొడి, ఎండుమిరపకాయల కారం, వాడి భార్యకు ధర్మవరం చీర కట్టి ఇచ్చింది. ఇప్పుడు దారి తిరగబడింది. డ్యూటీ అడిగేది అమెరికా.

800 డాలర్ల మినహాయింపు ఉన్నంత కాలం ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. అది పోగానే మన తపాలా శాఖ 2025 ఆగస్టు 25 నుంచి అమెరికాకు చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. డ్యూటీ ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలలేదు. అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టినప్పుడు, డ్యూటీని ఇక్కడ బుకింగ్ దగ్గరే కట్టించుకునే పద్ధతి తెచ్చారు. అప్పట్లో అది రాసిన విలువలో 50 శాతం. ఆ తర్వాత అమెరికా సుంకాలు ఎన్ని మలుపులు తిరిగాయో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. కాబట్టి కట్టేదెంతో బుకింగ్ రోజున కౌంటర్‌లోనే తేలుతుంది.

ఫారంలో చీర విలువ రాసే గడి దగ్గర నా పెన్ను ఆగింది. అమ్మను అడిగాను. “ఎనిమిది వేల ఐదు నూర్లు. అంతే రాయి” అంది.